కాఫీ తొక్కకు ఏ దారి?

"ఫిల్టర్‌లో మిగిలిన కాఫీ పిప్పిని గులాబీ మొక్కకు వేయొచ్చా?"

హైదరాబాద్ శివార్లలోని అల్మాస్‌గూడలో, బడంగ్‌పేటలో, మీర్‌పేటలో కొత్తగా లేచిన ఇళ్ల డాబాల మీద కుండీలు పెంచేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ముందు జవాబు చెప్పేస్తాను. పచ్చి పిప్పిని నేరుగా మొదట్లో పోయకండి, కుళ్లబెట్టి వేయండి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో హార్డ్‌గ్రోవ్, లివ్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే పట్టుకుని మట్టిలో పరీక్ష చేసి, 2016లో ఫలితాలు ప్రచురించారు. బ్రకోలీ, ముల్లంగి, పొద్దుతిరుగుడు వంటి మొక్కలకు వాడిన కాఫీ పొడిని నేరుగా వేసి చూస్తే మట్టి నీటిని ఎక్కువగా పట్టి ఉంచింది కానీ మొక్కల ఎదుగుదల బాగా తగ్గింది. పక్కన మామూలు ఎరువు వేసినా ఆ దెబ్బ తప్పలేదు. పిప్పి పులుపు వల్ల ఇలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పులుపులో చాలా భాగం డికాక్షన్‌తో పాటే దిగిపోతుంది. పిప్పిలో మిగిలిన కెఫీన్, టానిన్ లాంటి పదార్థాలు లేత వేళ్లకు పడవన్న అనుమానమే బలంగా ఉంది. ఎండుటాకులు, కూరగాయల తొక్కలతో కలిపి మూడు నాలుగు నెలలు మగ్గబెడితే సూక్ష్మజీవులు ఆ పదార్థాలను విరగ్గొట్టేస్తాయి. అప్పుడు గులాబీకి అది మంచి తిండి.

ఇల్లు వదిలి పిప్పి వచ్చిన దారి వెంట వెనక్కి నడిస్తే మాత్రం ప్రశ్న చాలా పెద్దదవుతుంది. మన ఫిల్టర్‌లో మిగిలేది గుప్పెడు. పండు గింజగా మారేలోపు కొండ మీద మిగిలిపోయేది గుట్టలు గుట్టలు.

గింజ కోసం ఎంత పండు?

తెలుగు నేల మీద కాఫీ చెట్టు వయసు తక్కువేమీ కాదు. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో నాటించాడని చెబుతారు. అక్కడి నుంచి అరకు, పాడేరు, చింతపల్లి కొండలకు పాకింది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో సిల్వర్ ఓక్ నీడన, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగల మధ్య, సుమారు లక్ష హెక్టార్లలో కాఫీ ఉంది. పండించేది దాదాపు అందరూ గిరిజన రైతులే. ఒక్కో ఇంటికి ఉండేది ఎకరం, రెండెకరాలు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నవంబరు నుంచి జనవరి దాకా ఆ తోటల్లో పళ్లు ఎర్రబడతాయి. ఒక పండు ఒలిచి చూడండి. పైన ఎర్రటి తొక్క, దానికి అంటుకుని గుజ్జు, దాని కింద వేళ్లకు పట్టుకునే తియ్యని జిగురు, జిగురు కింద గట్టి పొర, అది తీస్తే ఉల్లిపొర కన్నా పలుచని వెండిరంగు పొర, చివరికి గింజ. గట్టి పొరతో ఉన్న గింజను ఏజెన్సీలో పార్చ్‌మెంట్ అంటారు. పండును ఒలవకుండా అలాగే ఎండబెడితే అది చెర్రీ. గిరిజన సహకార సంస్థ కొనుగోలు కేంద్రంలోనైనా, సంతలో వ్యాపారి తక్కెడ ముందైనా ఈ రెండింటికీ వేర్వేరు ధరలు.

100 కిలోల పళ్లు కోసి, తొక్క ఒలిచే చిన్న యంత్రమైన బేబీ పల్పర్‌లో వేసి తిప్పితే 40 కిలోల పైచిలుకు తొక్క, గుజ్జు ఒకవైపు రాలిపోతాయి. మిగిలినదాన్ని నానబెట్టి, జిగురు కడిగి, ఎండబెట్టి, గట్టి పొర కూడా తీసేశాక చేతికొచ్చే పచ్చి గింజ 18 నుంచి 20 కిలోలు. మిగతాదంతా నీరుగా పోయిందో, కడిగిన నీళ్లలో కలిసిందో, ఊకగా తేలిందో. అంటే మనం కాఫీ అని పిలుచుకునేది పండులో అయిదో వంతు మాత్రమే. ఈమధ్య ఆంధ్ర కొండల్లో ఏటా పండుతున్న గింజ 12 వేల టన్నుల పరిసరాల్లో ఉంటోంది. అదంతా తడి పద్ధతిలో చేశారని లెక్కేస్తే 25 వేల టన్నుల తడి తొక్క. వాస్తవానికి అందులో కొంత పంట చెర్రీగా ఎండిపోతుంది కనుక తొక్క కొంత తగ్గి, పొడి ఊక పెరుగుతుంది.

ఈ తొక్కను అలా వదిలేస్తే ఏమవుతుంది? అందులో నూటికి 80 పాళ్లు నీరే, మిగిలినదానిలో చక్కెరలు చాలా ఉన్నాయి. రెండు రోజుల్లో పులుస్తుంది. ఈగలు ముసురుతాయి. కుప్ప అడుగున గాలి ఆడక మీథేన్ పుడుతుంది, రొచ్చు కారుతుంది. దానికన్నా ప్రమాదం జిగురు కడిగిన నీళ్లతో. అవి గెడ్డలో, అంటే కొండవాగులో, కలిస్తే సూక్ష్మజీవులు ఆ చక్కెరను తినే సంబరంలో నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ అంతా వాడేసుకుంటాయి. కాలుష్య బలాన్ని నీరు ఎంత ఆక్సిజన్ లాగేస్తుందన్న లెక్కతో కొలుస్తారు, దాన్నే బీవోడీ అంటారు. ఆ కొలతలో కాఫీ కడుగునీరు ఊరి మురుగునీటికన్నా పది రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఘాటైనది. కింద ఊళ్లో అదే గెడ్డ నీళ్లు తాగుతారు.

దారులైతే చాలానే ఉన్నాయి

ప్రపంచమంతా ఈ తొక్కతో కుస్తీ పడింది కాబట్టి మన ముందు అనుభవం తక్కువ లేదు.

యెమెన్‌లో ఎండిన తొక్కను అల్లంతో మరిగించి తాగడం పాత అలవాటు, దాని పేరు ఖిష్ర్. బొలీవియాలో ఇలాంటి కషాయాన్నే సుల్తానా అంటారు. ఇప్పుడు కాఫీ దుకాణాల్లో కాస్కరా పేరుతో అమ్ముతున్నారు. ఐరోపా సమాఖ్య 2022లో దీన్ని ఆహారంగా అనుమతించింది. తొక్కకు అన్నిటికన్నా ఎక్కువ ధర తెచ్చే దారి ఇదే. కాకపోతే పండిన పండే కోయాలి, కోసిన రోజే ఒలవాలి, బూజు పట్టకుండా ఎండబెట్టాలి. బూజు పడితే ఓక్రాటాక్సిన్ అనే విషం చేరుతుంది. కొనేవాళ్లు కొద్దిమంది. పోగుపడే తొక్కలో కొద్ది భాగమే ఈ దారిన పోతుంది.

పశువుల మేతగా వాడొచ్చా అని మధ్య అమెరికా శాస్త్రజ్ఞులు దశాబ్దాలు పరిశోధించారు. బ్రెస్సానీ, బ్రహామ్ కూర్చిన గ్రంథం 1979లో వచ్చింది, ఇప్పటికీ ఈ విషయంలో పునాది రాయి అదే. మాంసకృత్తులు ఉన్నాయి, పీచు ఉంది, కానీ ఎండు తొక్కలో ఒక శాతం పైగా కెఫీన్, దానికి తోడు టానిన్లు ఉన్నాయి. ఆవు మేతలో అయిదో వంతు దాటితే తిండి తగ్గిస్తుంది, బరువు పెరగదు. కరువులో ఆసరాగా పనికొస్తుంది కానీ దీన్ని నమ్ముకుని పశువును సాకలేం.

ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు మాత్రం కాఫీ తొక్క ఇష్టమైన నేల. మెక్సికోలో 1980ల నుంచీ పెంచి చూపించారు. పుట్టగొడుగు కెఫీన్‌ను కొంత తగ్గిస్తుంది, కోత అయ్యాక మిగిలినది ఎరువుకు పనికొస్తుంది. అయితే తొక్కను ఉడికించాలి, శుభ్రమైన గది కావాలి, కోసిన రెండు మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. ఘాట్ రోడ్డు దింపి విశాఖలో అమ్మేలోపే అది వాడిపోవచ్చు.

గ్యాస్ సంగతికి హైదరాబాద్‌వాళ్లకు దగ్గరి ఉదాహరణ ఉంది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రజ్ఞుల పరిజ్ఞానంతో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో కట్టిన ప్లాంటు రోజుకు 10 టన్నుల చెత్త తిని సుమారు 500 యూనిట్ల కరెంటు, వంటకు గ్యాస్ ఇచ్చేలా రూపొందింది. గాలి చొరబడని తొట్టిలో సూక్ష్మజీవులు చెత్తను మీథేన్‌గా మార్చడమే ఇక్కడి కిటుకు. చక్కెర నిండిన కాఫీ తొక్కతోనూ, కడుగునీటితోనూ ఇది బాగా జరుగుతుంది, మధ్య అమెరికా కాఫీ కేంద్రాల్లో చేసి చూశారు. మరి అరకులో ఎందుకు పెట్టకూడదు? ఈ సూక్ష్మజీవులకు రెండు పట్టింపులున్నాయి. రోజూ తిండి కావాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. 30 డిగ్రీల పైన హుషారుగా ఉంటాయి, 15 కిందికి దిగితే ముడుచుకుంటాయి. బోయిన్‌పల్లికి ఏడాది పొడవునా కూరగాయలు వస్తాయి. కాఫీ తొక్క వచ్చేది మూడు నెలలు, అదీ ఆ కొండల్లోని లంబసింగిలో చలి ఎముకలు కొరికే నెలలు. ఏ కాలంలో తిండి దొరుకుతుందో ఆ కాలంలోనే వాటికి ఆకలి చచ్చిపోతుంది. పెద్ద కేంద్రంలో తొట్టికి వెచ్చదనం ఏర్పాటు చేసి, మిగతా తొమ్మిది నెలలు పేడతో నడిపితే సరే. గ్రామంలో ఒక ఇంటికి మాత్రం ఇది బరువు.

ఇక కాల్చడం. 100 కిలోల తడి తొక్కలో 80 కిలోల నీరుందని చెప్పాను. మిగిలిన 20 కిలోలు మండి ఇచ్చే వేడిలో సగానికి పైగా ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. పార్చ్‌మెంట్ ఊక అలా కాదు, పొడిగా ఉంటుంది, కట్టెతో సమానంగా మండుతుంది. ఆ ఊక పుట్టేది గింజ ఒలిచే క్యూరింగ్ కేంద్రంలో, కనుక అక్కడే ఆరబెట్టే యంత్రం పొయ్యిలో వాడుకోవడం తెలివైన పని. ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారాల్లోనూ ఇదే తర్కం. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో సీసీఎల్ ప్రోడక్ట్స్ 1990ల మధ్యలో మొదలుపెట్టినటువంటి కర్మాగారంలో ఒక కిలో ఇన్‌స్టంట్ పొడికి రెండున్నర కిలోల పైగా పచ్చి గింజ పడుతుంది, దాదాపు రెండు కిలోల తడి పిప్పి మిగులుతుంది. పిండి ఆరబెట్టిన పిప్పిలో నూనె ఉంటుంది, అందుకే మామూలు కట్టెకన్నా ఎక్కువ వేడినిస్తుంది. పక్కనే ఆవిరి కోసం ఆకలిగొన్న బాయిలర్ ఉంటుంది. పిప్పి ఏడాదంతా, ఒకేచోట, టన్నుల్లో వస్తుంది. ఇలాంటి ఫ్యాక్టరీలు ప్రపంచంలో చాలాచోట్ల పిప్పినే ఇంధనంగా వాడుతున్నాయి, నాకది సబబుగానే తోస్తుంది.

2023లో మెల్‌బోర్న్‌లోనే ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయ ఇంజనీర్లు కాఫీ పిప్పిని గాలి లేకుండా 350 డిగ్రీల దగ్గర మాడ్చి, ఆ బొగ్గును కాంక్రీటులో ఇసుకకు బదులు 15 శాతం కలిపితే బలం 30 శాతం దాకా పెరిగిందని చెప్పారు. బయోచార్ అనే ఈ బొగ్గు మీద ఆశలు చాలా ఉన్నాయి. నగరంలో పిప్పి పోగుపడే చోట చూడదగ్గ దారి.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కదిలించింది కోస్టారికాలో జరిగిన ప్రయోగం. పాడైపోయి గడ్డి తప్ప ఏమీ మొలవని ఒక పాత పొలంలో 30 ట్రక్కుల కాఫీ తొక్కను అర మీటరు మందాన పరిచారు. రెండేళ్లలో ఆ నేల 80 శాతం చెట్ల నీడ కప్పుకుంది. తొక్క వేయని పక్క మడిలో ఆ నీడ 20 శాతమే. రెబెకా కోల్, రకన్ జహావి 2021లో ఈ ఫలితాలు ప్రచురించారు. మందపాటి తొక్క కింద మొండి గడ్డి ఊపిరాడక చచ్చి, కుళ్లి, అదే ఎరువైంది. పోడు కొట్టి వదిలేసిన వాలు మన ఏజెన్సీలోనూ ఉంది. గెడ్డలకు దూరంగా, రొచ్చు కిందికి జారని చోట, చిన్న మడిలో అటవీ శాఖ చేసి చూడదగ్గ పని ఇది.

ఇల్లు వెతికినట్టు

దారులు ఇన్ని ఉన్నప్పుడు ఏది మంచిదని అడగడం సహజం. వట్టిగా మంచిదంటూ ఏదీ లేదు, ఎవరికి, ఎక్కడ అన్నది చేర్చి అడగాలి. శాస్త్రజ్ఞులు దీనికి ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. అది తెలియాలంటే అల్మాస్‌గూడలో అద్దె ఇల్లు వెతికే కుటుంబాన్ని తలుచుకోండి.

వాళ్లు చూసేవి ఏమిటి? అద్దె, నీళ్లు, పిల్లల బడి, ఎల్బీనగర్ మెట్రోకు దూరం, వానాకాలం రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయా లేదా. ఒక ఇంటికి అద్దె తక్కువ, దూరం ఎక్కువ. ఇంకోదానికి బడి పక్కనే, కానీ మూడో అంతస్తు. ఇలా అన్నీ కలగలిసి ఉన్నప్పుడు భార్యాభర్తలు తెలియకుండానే రెండు రెండు చొప్పున పోల్చుకుంటారు: మనకు అద్దె ముఖ్యమా, దూరం ముఖ్యమా? ఎంత ముఖ్యం? 1970లలో థామస్ సాటీ అనే అమెరికన్ గణితజ్ఞుడు సరిగ్గా దీన్నే పద్ధతిగా మలిచాడు. ప్రతి జతకూ ఒకటి నుంచి తొమ్మిది దాకా బరువు ఇవ్వాలి, ఆ బరువులన్నీ కలిపి ఒక్కో ఎంపికకు మార్కు కట్టాలి. జతలవారీ తూకం అనుకోవచ్చు. ఇంజనీర్లు అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్ అంటారు. వ్యవసాయ వ్యర్థాల మీద వచ్చే అధ్యయనాల్లో ఇది బాగా వాడుకలో ఉంది.

అయితే ఇందులో రెండు లోపాలున్నాయి, ఇల్లు వెతికినవాళ్లకు అవీ తెలుసు. బోరు ఎండిపోయిన ఇంటికి అద్దె ఎంత తగ్గించినా ఏం లాభం? మార్కులు కూడితే ఆ ఇల్లు కూడా పైకి రావచ్చు. కాబట్టి తూకానికి ముందే జల్లెడ పట్టాలి. ఒక్క షరతు తప్పినా ఆ దారి జాబితాలోంచి పోవాలి. రెండోది మరింత ముఖ్యం: బరువులు ఇచ్చేది ఎవరు? రోజూ నీళ్ల బిందె మోసే ఆవిడ ఇచ్చే బరువులు, పొద్దున వెళ్లి రాత్రి వచ్చే ఆయన ఇచ్చే బరువులు ఒకటి కావు. కాఫీ తొక్క విషయంలో విశాఖలో బల్ల ముందు కూర్చున్న నిపుణుడు కరెంటు యూనిట్లకు ఎక్కువ బరువిస్తాడు. తొక్కను గంపలో నెత్తికెత్తుకునే చింతపల్లి రైతు బరువు అంటే నిజంగా బరువే.

నా జల్లెడలో ఈ కన్నాలుంటాయి: ఎంత తడి, ఎంత దూరం మోయాలి, ఏ నెలల్లో వస్తుంది, ఎవరు చేస్తారు, తప్పు జరిగితే ఎవరి నీళ్లు పాడవుతాయి. ఇంకొకటి ఇటీవల చేర్చాను. 2025లో అరకు తోటల్లో బెర్రీ బోరర్, అంటే కాఫీ కాయను తొలిచే పురుగు, బయటపడింది. పురుగు పట్టిన పళ్లు పల్పర్‌లో పడితే కొన్ని పురుగులు తొక్కతో పాటే బతికి బయటికొస్తాయి. అలాంటి తొక్కను బస్తాలకెత్తి ఊరూరా తిప్పితే తెగులును మనమే మోసుకెళ్లినట్టు. తొక్క పుట్టిన చోటే ఆగి, వేడెక్కి కుళ్లడం ఈ ఒక్క కారణానికైనా మేలు.

కొండ మీది కుటుంబం, కొండ మీది కేంద్రం

రెండు క్వింటాళ్ల గింజ పండించే కుటుంబాన్ని తీసుకుందాం. వాళ్లకు సీజనంతా కలిపి మిగిలే తడి తొక్క నాలుగైదు వందల కిలోలు. కోత నెలలంతా పరుచుకుని వస్తుంది. ఇంత కొద్దిదాని కోసం ఏ జీపూ ఆ ఊరు ఎక్కదు, ఏ గ్యాస్ తొట్టీ నిండదు. కాల్చడానికి తడి, మేతకు కెఫీన్, పుట్టగొడుగులకు సంత అడ్డం. జల్లెడలో నిలిచేది గత్తం, అంటే కుళ్లబెట్టిన ఎరువు, ఒక్కటే. మిగిలింది అదే కదా అని సర్దుకోవడం కాదు ఇది. చెట్టు మట్టిలోంచి తీసుకుని పండులోకి పంపిన పొటాషియంలో మంచి వంతు తొక్కలో ఉంది, నత్రజనీ ఉంది. రసాయన ఎరువు దాదాపు వాడని ఆ తోటలకు దాన్ని తిరిగి ఇచ్చేది మరెవరు? తొక్కను కరెంటు కోసం కిందికి పంపడమంటే వాలు నేలల సారాన్ని గింజతో పాటు రెండోసారి అమ్మడమే. నా తూకంలో అన్నిటికన్నా పెద్ద బరువు దీనికే.

గత్తం చేయడంలోనూ మెలకువ ఉంది. ఒట్టి తొక్క కుప్పపోస్తే ముద్దకట్టి గాలి ఆడదు, పులిసి కంపు కొడుతుంది. తోటలో రాలిన సిల్వర్ ఓక్ ఆకు, ఎండుగడ్డి ఒక వరస, తొక్క ఒక వరస, మధ్యలో పేడనీళ్లు. ఆకు గాలికి సందు ఇస్తుంది, తొక్క ఆకుకు తడి ఇస్తుంది. కుప్ప నడుమెత్తు ఉండాలి, అంతకు తగ్గితే మన్యం చలికి వేడి నిలవదు. బాగా పేరిస్తే కొద్ది రోజుల్లో కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి పురుగూ, తెగులు బీజాలూ చస్తాయి. అంచుల్లో ఉన్నవి చావవు, అందుకే రెండు మూడు వారాలకోసారి పైది లోపలికి, లోపలిది పైకి తిరగేయాలి. వానపాములను వేసేది కుప్ప చల్లారాకే. పచ్చి తొక్కలో వేస్తే బతకవు.

ఎకో పల్పింగ్ కేంద్రాల లెక్క వేరు. యంత్రం జిగురును రాపిడితో తీసేస్తుంది కాబట్టి నీళ్లు చాలా తక్కువ పడతాయి, పార్చ్‌మెంట్ నాణ్యంగా వస్తుంది, రైతుకు ధర పెరుగుతుంది. నేను దీన్ని మనసారా సమర్థిస్తాను. కానీ వందల కుటుంబాల తొక్క ఒక్కచోట పోగవుతుంది. ఊరి మీద పలుచగా పరుచుకున్న సమస్య ఒక గెడ్డ పక్కన గుట్టగా నిలబడుతుంది. ఇక్కడ కడుగునీటికి గాలి చొరబడని తొట్టి, తొక్కకు పెద్ద ఎరువు కుప్పలు రెండూ పెట్టే వీలుంది, జీతానికి మనిషిని పెట్టే వీలూ ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన నాంది ఫౌండేషన్ అరకులో రైతుల సహకార సంఘంతో పళ్లను ఇలాగే ఒకచోటికి తెచ్చి పల్పింగ్ చేయిస్తుంది, సేంద్రియ ఎరువుల తయారీ ఆ పనిలో భాగం. ఆ నమూనా అరకునామిక్స్ పేరుతో 2020లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన ఫుడ్ సిస్టమ్ విజన్ బహుమతుల్లో ఒకటి గెలుచుకుంది.

కేంద్రాల్లో నేను చూడాలనుకునే ఏర్పాటు ఒకటుంది. పళ్లు తూచి రైతుకు చీటీ రాసేటప్పుడే తొక్క వాటా కూడా అందులో రాయాలి. పళ్లు తెచ్చే జీపులు తిరుగు ప్రయాణంలో ఖాళీగానే పోతాయి, వేసవిలో అవే జీపులు ఆ వాటాకు తగిన ఎరువు బస్తాలు ఊరికి చేర్చాలి. మోత ఖర్చు కేంద్రం భరించాలి, ఎందుకంటే పండుతో పాటు తోట సారాన్ని తీసుకున్నది కేంద్రమే. కాలం కూడా కలిసొస్తుంది. డిసెంబరు, జనవరిలో పేర్చిన కుప్ప మే నాటికి నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసనతో తయారవుతుంది. జూన్ తొలకరికి ముందు కాఫీ మొదళ్లలో, మిరియాల పాదుల్లో వేసుకోవడానికి సరిగ్గా అందుతుంది.